పొమ్మన్న నోటనే రమ్మన్న పిలుపు: పైలట్ల కొలువులకు గడువుల గండం

న్యూఢిల్లీ: పదవీ విరమణ అనంతరం ఒప్పంద ప్రాతిపదికపై పనిచేస్తున్న సుమారు 200 మంది పైలట్ల ఒప్పందాలను 2020 ఏప్రిల్ 2న ఎయిరిండియా తాత్కాలికంగా నిలిపివేసింది. రెండేళ్లు తిరిగాక, 2022 జూన్‌లో, అదే సంస్థ విరమణ పొందిన పైలట్లకు వర్తమానం పంపింది. సమ్మతమైతే మరో ఐదేళ్లపాటు, లేదా 65 ఏళ్లు నిండే వరకు, ఏది ముందయితే అంతవరకు కమాండర్లుగా తిరిగి చేరవచ్చునన్నది దాని సారాంశం. ఈ రెండు ఉత్తర్వుల నడుమ సంస్థ యాజమాన్యమే మారిపోయింది. 2022 జనవరి 27న ఎయిరిండియా ప్రభుత్వం చేతి నుంచి టాటాల చేతికి వెళ్లింది. పైలట్ ఎప్పుడు ఇంటికి పోవాలన్నదీ, ఎప్పుడు తిరిగి రావాలన్నదీ సంస్థ అవసరాన్ని బట్టే తేలడం మాత్రం మారలేదు.

ఎయిరిండియా, ఇండిగో, స్పైస్‌జెట్ సంస్థల కేంద్ర కార్యాలయాలు మూడూ నేడు ఢిల్లీని ఆనుకుని ఉన్న గురుగ్రామ్‌లోనే ఉన్నాయి. నియంత్రణ బాధ్యతలు చూసే పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, క్లుప్తంగా డి.జి.సి.ఎ., కార్యాలయం సఫ్దర్‌జంగ్ విమానాశ్రయానికి ఎదురుగా ఉంది. తగవు ముదిరినప్పుడు ఉభయ పక్షాలూ ఎక్కే మెట్లు చాలావరకు ఢిల్లీ హైకోర్టువే. కనుక దేశంలో పైలట్ల ఉద్యోగ భద్రత కథ ఎక్కువగా రాజధాని చుట్టూనే నడిచింది.

58కీ 65కీ మధ్య

ప్రయాణికుల విమానాలు నడిపే కెప్టెన్లకు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ విధించిన వయోపరిమితి చిరకాలం 60 ఏళ్లుగా ఉండేది. 2006 నవంబరులో దానిని 65కు పెంచారు. అయితే 60 దాటిన కెప్టెన్ పక్కన కూర్చునే పైలట్ 60 లోపు వాడై ఉండాలని షరతు పెట్టారు. 2014 నవంబరులో ఆ షరతును కూడా ఎత్తివేశారు. అమెరికా 2007 డిసెంబరులో ప్రత్యేక చట్టం చేసి 65 ఏళ్ల పరిమితిని స్వీకరించింది.

భారతదేశంలోనూ లైసెన్సు నిబంధనల ప్రకారం 65 ఏళ్ల వరకు విమానం నడపవచ్చు. కాని ఎయిరిండియాలో ఇతర ఉద్యోగులకు మాదిరిగానే పైలట్లకు కూడా విరమణ వయసు 58 ఏళ్లుగా కొనసాగింది. లైసెన్సు గడువుకూ ఉద్యోగం గడువుకూ మధ్య ఏడేళ్ల తేడా అన్నమాట. ఈ ఏడేళ్ల కాలంలో ఉన్న అనుభవజ్ఞులను సంస్థ ఒక చెరువులా వాడుకున్నది. అవసరం పడినప్పుడు తూము ఎత్తడం, తీరినప్పుడు దించడం ఆనవాయితీ అయింది. శాశ్వత ఉద్యోగిని తొలగించాలంటే కారణం చూపాలి, విచారణ జరపాలి. ఒప్పందంపై ఉన్నవారి విషయంలో అంత శ్రమ లేదు. 2020 ఏప్రిల్‌లో మొదటి వేటు వారిపైనే పడడానికి ఇదే కారణంగా కనిపిస్తున్నది.

ఆ ఏడాది మార్చి 25న దేశీయ విమాన సర్వీసులు ఆగిపోయాయి. తిరిగి మే 25న గాని మొదలు కాలేదు. అంతర్జాతీయ రెగ్యులర్ సర్వీసుల పునరుద్ధరణకు 2022 మార్చి 27 వరకు ఆగవలసి వచ్చింది. రాబడి లేని రోజుల్లో విమానాల అద్దెలు, విమానాశ్రయాల రుసుములు ఎక్కడివక్కడే నిలిచాయి. సంస్థల చేతిలో వెంటనే తగ్గించగల ఖర్చు జీతాలే. పైలట్ల జీతాలు అందులో పెద్ద పద్దు కావడంతో కత్తి అటువైపే తిరిగింది.

స్పైస్‌జెట్ 2020 ఏప్రిల్, మే నెలలకు పైలట్లకు జీతాలు ఉండవని తెలిపింది. సరకు విమానాలు నడుపుతున్నవారికి నడిపిన గంటల లెక్కన ముట్టజెప్పింది. ఇండిగో జులై 20న తన సిబ్బందిలో 10 శాతం మందిని తొలగిస్తున్నట్లు ప్రకటించింది. పైలట్ల జీతాల్లో కోతలతోపాటు నెలకు కొన్ని రోజుల చొప్పున వేతనరహిత సెలవు కూడా విధించింది. అందరికంటె తీవ్రమైన పథకం ప్రభుత్వ సంస్థ నుంచే రావడం గమనార్హం. ఎయిరిండియా జులై 14న జారీ చేసిన ఉత్తర్వు ప్రకారం ఉద్యోగులను ఆరు నెలలు లేదా రెండేళ్లపాటు, అవసరమైతే ఐదేళ్ల వరకు జీతం లేని సెలవుపై పంపే అధికారం సంస్థ ఛైర్మన్, మేనేజింగ్ డైరెక్టర్‌కు దఖలు పడింది. సామర్థ్యం, పనితీరు, ఆరోగ్యం, గతంలో విధులకు అందుబాటులో లేని సందర్భాలు మొదలైనవి ఎంపికకు ప్రాతిపదికలని అందులో పేర్కొన్నారు.

ఐదేళ్ల సెలవు అనే మాటను 58 ఏళ్ల విరమణ వయసుతో కలిపి చదివితే దాని అర్థం బోధపడుతుంది. 53 ఏళ్ల కెప్టెన్‌కు అది సెలవు పేరుతో వచ్చిన పదవీ విరమణే. తేడా అల్లా, విరమణ వయసు ముందే తెలిసి ఉంటుంది, సెలవు ఉత్తర్వు ఏ రోజు వస్తుందో తెలియదు.

ఆగస్టు 13 నాటి ఉత్తర్వు

ఎయిరిండియాలోనే మరో వివాదం అంతకుముందు నుంచి నలుగుతున్నది. చెల్లింపుల్లో జాప్యం, సంస్థ భవిష్యత్తుపై అనిశ్చితి కారణంగా కొందరు పైలట్లు 2019లో రాజీనామాలు ఇచ్చారు. రాజీనామా ఇచ్చిన మరునాడే వెళ్లిపోవడానికి పైలట్లకు వీలు లేదు. నోటీసు గడువు ముగిసేవరకు పనిచేయాలి. ఆ గడువు ముగియకముందే వారు మనసు మార్చుకుని రాజీనామాలను ఉపసంహరించుకుంటున్నట్లు లేఖలు ఇచ్చారు. పలువురు ఆ తరువాత కూడా విధుల్లో కొనసాగారు.

2020 ఆగస్టు 13న ఎయిరిండియా ఆ పాత రాజీనామాలను ఆమోదిస్తున్నట్లు ఉత్తర్వులు జారీ చేసింది. నలభై మందికి పైగా పైలట్లు ఒక్కసారిగా నిరుద్యోగులయ్యారు. విదేశాల్లో చిక్కుకున్న భారతీయులను వందే భారత్ మిషన్ కింద ఎయిరిండియా విమానాలు స్వదేశానికి చేరుస్తున్న రోజులవి. విమాన సర్వీసులు కుదించుకుపోయాయని, ఆర్థిక పరిస్థితి విషమించిందని సంస్థ తన నిర్ణయాన్ని సమర్థించుకున్నది. బాధితులు ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించారు.

ఈ వ్యవహారంలో చట్టపరమైన ప్రశ్న ఒక్కటే. ఒకసారి ఇచ్చిన రాజీనామాను వెనక్కు తీసుకోవచ్చునా? ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు 1978లోనే సమాధానం చెప్పి ఉన్నది. ఆసక్తికరమైన విషయమేమంటే అప్పుడు రాజీనామా ఇచ్చిన వ్యక్తి స్వయంగా ఒక న్యాయమూర్తి. అలహాబాదు హైకోర్టు న్యాయమూర్తి సతీశ్ చంద్ర 1977 మేలో, ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చేటట్లు రాజీనామా లేఖ పంపారు. జులైలో దానిని ఉపసంహరించుకున్నారు. అమల్లోకి రావలసిన తేదీ రాకముందే ఉపసంహరణ జరిగితే అది చెల్లుతుందని అత్యున్నత న్యాయస్థానం నిర్ణయించింది. భవిష్యత్తులో ఒక తేదీకి ఇచ్చిన రాజీనామా ఆ తేదీ వచ్చేవరకు పూర్తి కానట్లేనన్నది దీని తాత్పర్యం.

పైలట్ల పిటిషన్లపై 2021 జూన్ 1న న్యాయమూర్తి జ్యోతి సింగ్ తీర్పు వెలువరించారు. ఆగస్టు 13 నాటి ఎయిరిండియా నిర్ణయాన్ని రద్దు చేసి, పైలట్లను తిరిగి విధుల్లోకి తీసుకోవాలని ఆదేశించారు. మధ్య కాలానికి భత్యాలతో సహా బకాయి వేతనాలను, సర్వీసులో ఉన్న తోటి పైలట్లతో సమానంగా, ప్రభుత్వ నిబంధనలకు అనుగుణంగా చెల్లించాలని కూడా చెప్పారు. ఒప్పందంపై ఉన్నవారికి మున్ముందు గడువు పొడిగించాలా వద్దా అన్నది మాత్రం వారి పనితీరును బట్టి ఎయిరిండియా విచక్షణకే వదిలారు. పది నెలలు నేలమీదే ఉన్నవారికి అది పెద్ద ఊరట. అయితే ఈ ఊరట రాజీనామా లేఖలు ఇచ్చినవారికే అన్నది మరువరాదు. ఏ లేఖా ఇవ్వకుండా ఒప్పందాలు నిలిచిపోయిన వృద్ధ కెప్టెన్లకు ఈ తీర్పుతో సంబంధం లేదు.

ఒక వైపే నోటీసు

పైలట్‌ను కట్టిపడేసే నోటీసు గడువు ఎక్కడినుంచి వచ్చిందో చూస్తే ఈ వ్యవస్థ వాలు తెలుస్తుంది. ప్రైవేటు సంస్థలు ఒకదాని వెంట ఒకటి పుట్టుకొచ్చి, ఒకరి పైలట్లను మరొకరు ఎగరేసుకుపోతున్న కాలంలో, 2005 సెప్టెంబరులో డి.జి.సి.ఎ. ఆరు నెలల నోటీసును తప్పనిసరి చేసింది. 2017 ఆగస్టులో కమాండర్లకు దానిని ఏడాదికి పెంచింది. కో పైలట్లకు ఆరు నెలలే ఉంచింది. పైలట్లు అర్ధంతరంగా వెళ్లిపోతే సర్వీసులు రద్దవుతాయని, ప్రయాణికులు ఇక్కట్ల పాలవుతారని, కనుక ఇది ప్రజాప్రయోజనార్థమని నియంత్రణ సంస్థ వాదన. నోటీసు కాలంలో సంస్థ జీతం తగ్గించినా, ఉద్యోగ నిబంధనలను పైలట్‌కు నష్టం కలిగేలా మార్చినా గడువుకు ముందే విడుదల కోరే హక్కు అతనికి ఉంటుందన్న మినహాయింపు కూడా నిబంధనలో ఉన్నది.

వాదనలో న్యాయం లేకపోలేదు. ఒక కమాండర్‌ను తయారు చేయడానికి సంవత్సరాలు పడుతుంది. కాని సంస్థ పైలట్‌ను పంపివేయదలచినప్పుడు అదే ప్రజాప్రయోజనం ఎవరికీ గుర్తు రాదు. ఎవరిని ముందు సెలవుపై పంపాలి, ఏ వరుసలో తిరిగి పిలవాలి, పిలవకపోతే ఏమి చెల్లించాలి అన్నవి యాజమాన్యాల ఉత్తర్వుల్లోనే తేలాయి. 2020లో అమల్లో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం లే ఆఫ్‌కు గురైన కార్మికునికి మూల వేతనం, కరవు భత్యంలో సగం ఇవ్వాలంటుంది. అయితే ఆ అధ్యాయం వర్తించేది కర్మాగారాలకు, గనులకు, తోటలకు. విమానాలు ఆ మూడింటిలో ఏ కోవకూ రావు.

అమెరికాలో పరిస్థితి వేరు. అక్కడ ఫర్లో అనే మాటకు పైలట్ల ఒప్పందాల్లో కచ్చితమైన అర్థం ఉన్నది. చేరిన తేదీని బట్టి ప్రతి పైలట్‌కు ఒక సీనియారిటీ సంఖ్య ఉంటుంది. పని తగ్గితే జాబితాలో అట్టడుగున ఉన్నవారు ముందు ఇంటికి వెళతారు. పని పెరిగితే వారిలో సీనియర్లకు ముందు పిలుపు వస్తుంది. బయట ఉన్నంతకాలం జీతం ఉండదు గాని ఆ సంఖ్య చెక్కుచెదరదు. 2020 అక్టోబరు 1న ప్రభుత్వ సహాయం గడువు ముగియగానే అమెరికన్ ఎయిర్‌లైన్స్ 19,000 మందిని ఈ విధంగా పంపింది. వారిలో సుమారు 1,600 మంది పైలట్లు. డిసెంబరులో కాంగ్రెసు మరోవిడత సహాయం మంజూరు చేయడంతో వారిని తిరిగి పిలిచారు. డెల్టా సంస్థ మరో దారి తొక్కింది. ముందస్తు విరమణకు ఆకర్షణీయమైన ప్రతిపాదన చేయగా 1,700 మందికి పైగా పైలట్లు స్వచ్ఛందంగా తప్పుకున్నారు. ఆ ఉదారత తరువాత ఖరీదైనదే అయింది. ప్రయాణికులు ఊహించినదానికంటె ముందే తిరిగి వచ్చారు, అనుభవజ్ఞులైన కెప్టెన్లు మాత్రం రాలేదు. 2022 వేసవి నాటికి అమెరికా సంస్థలన్నీ పైలట్ల కొరతను ఎదుర్కొన్నాయి.

జీతం లేని సెలవు గుమాస్తాకు ఒక కష్టమైతే పైలట్‌కు రెండు కష్టాలు. ప్రయాణికులతో విమానం నడపాలంటే గడచిన 90 రోజుల్లో కనీసం మూడుసార్లు టేకాఫ్, మూడుసార్లు ల్యాండింగ్ చేసి ఉండాలి. ఆరు నెలలకొకసారి నైపుణ్య పరీక్షకు హాజరు కావాలి. వైద్య ధ్రువపత్రాన్ని కాలానుగుణంగా పునరుద్ధరించుకోవాలి. 60 దాటినవారికి ఇది ఆరు నెలల వ్యవహారం. ఢిల్లీ పరిసరాల్లో గ్రేటర్ నోయిడాలోనూ గురుగ్రామ్‌లోనూ సిమ్యులేటర్ కేంద్రాలు ఉన్నాయి గాని, సంస్థ పంపితేనే అక్కడ పని. సొంత ఖర్చుతో గంటలు కొనుక్కోవడం జీతం లేనివానికి తలకు మించిన భారం. శిక్షణ కోసం చేసిన బ్యాంకు అప్పు వాయిదా ఉన్న కో పైలట్ మాట చెప్పనవసరం లేదు.

2022 సెప్టెంబరులో స్పైస్‌జెట్ ఉదంతం ఈ అయోమయాన్ని బాగా చూపుతుంది. ఆ నెల 20న సంస్థ 80 మంది పైలట్లను మూడు నెలలపాటు వేతనరహిత సెలవుపై పంపింది. 2019లో బోయింగ్ మాక్స్ విమానాల నిలిపివేత తరువాత అవి త్వరలోనే తిరిగి ఎగురుతాయన్న అంచనాతో నియామకాలు కొనసాగించామని, దాంతో పైలట్లు అవసరానికి మించి పోగయ్యారని, ఇది తాత్కాలిక చర్య మాత్రమేనని వివరణ ఇచ్చింది. అప్పటికి రెండు నెలల క్రితమే, జులై 27న, భద్రతా కారణాలపై స్పైస్‌జెట్ సర్వీసులను సగానికి పరిమితం చేస్తూ డి.జి.సి.ఎ. ఆదేశించి ఉన్నది. సంస్థ అంచనా తప్పిన ఫలితాన్ని పైలట్ అనుభవించాడు. కాగా సెలవు ఉత్తర్వులు వెలువడిన కొద్ది రోజులకే పనిలో ఉన్న కెప్టెన్ల జీతాలను 20 శాతం పెంచుతున్నట్లు ప్రకటన వచ్చింది. నవంబరు నుంచి 80 గంటలు నడిపే కెప్టెన్‌కు నెలకు 7 లక్షల రూపాయలని కూడా తెలిపింది. పనిలో ఉన్నవారు వెళ్లిపోకుండా ఆశ, లేనివారికి నిరీక్షణ.

అనుభవజ్ఞులు అందుబాటులో లేనప్పుడు ఏమవుతుందో హైదరాబాద్ ప్రయాణికులకు ఒకసారి స్వయంగా అనుభవమైంది. 1992 డిసెంబరులో ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు సమ్మెకు దిగగా, ప్రభుత్వం సర్వీసులు నడిపేందుకు ఉజ్బెకిస్తాన్ నుంచి విమానాలను సిబ్బందితో సహా అద్దెకు తెచ్చింది. 1993 జనవరి 9న హైదరాబాద్ నుంచి వచ్చిన అలాంటి టుపొలేవ్ విమానం ఢిల్లీలో పొగమంచులో దిగుతూ తలకిందులైంది. అందులో ఉన్న 165 మందిలో ఒక్కరూ మరణించకపోవడం అద్భుతమే. ఇక 2012లో మే 7న మొదలైన ఎయిరిండియా పైలట్ల సమ్మె 58 రోజులు సాగింది. సుమారు నూరుమందిని తొలగించిన యాజమాన్యం, చివరకు ఢిల్లీ హైకోర్టు జోక్యంతో వారిని తిరిగి చేర్చుకునే విషయం సానుభూతితో పరిశీలించడానికి అంగీకరించింది. తొలగించడం, పిలవడం ఈ రంగానికి కొత్త కాదు.

కొరత కాలం వచ్చినప్పుడు తూకం తిరగబడుతుంది. 2023 మే ఆరంభంలో గో ఫస్ట్ సంస్థ విమానాలు నిలిపివేసి, దివాలా రక్షణ కోరుతూ ఢిల్లీలోని జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్‌ను ఆశ్రయించింది. పైలట్లు వలస పోతుండడంతో కెప్టెన్లకు నెలకు లక్ష, కో పైలట్లకు 50 వేల రూపాయలు అదనంగా ఇస్తామన్నది. రాజీనామా ఇచ్చినవారు వెనక్కు తీసుకోవచ్చునన్నది. అంటే మూడేళ్ల క్రితం మరో సంస్థలో ఉద్యోగం ఊడగొట్టిన ఉపసంహరణ లేఖే ఇక్కడ బహుమానానికి అర్హతైంది. ఆ పిలుపు ఫలించలేదు. 2025 జనవరిలో గో ఫస్ట్ ఆస్తుల విక్రయానికి ట్రిబ్యునల్ ఆదేశించింది. అదే 2023లో ఆకాశ ఎయిర్ నుంచి 43 మంది పైలట్లు నోటీసు గడువు పూర్తి చేయకుండా వెళ్లిపోయారు. ఆ సంస్థ పైలట్లపై బొంబాయి హైకోర్టులోనూ, నిబంధనను అమలు చేయించాలంటూ ఢిల్లీ హైకోర్టులోనూ వ్యాజ్యాలు వేసింది.

కొత్తవారి కొరత లేదు. 2022లో 1,165, 2023లో 1,622 వాణిజ్య పైలట్ లైసెన్సులను డి.జి.సి.ఎ. జారీ చేసింది. ఎయిరిండియా 470, ఇండిగో 500 విమానాలకు 2023లో ఆర్డర్లు పెట్టాయి. కాని కొత్తగా లైసెన్సు పొందిన యువకుడు కుడి సీటులో కూర్చోగలడే గాని, ఎడమ సీటులోని కమాండర్ కాలేడు. అందువల్లనే 2022 జులైలో ఎయిరిండియా, విరమణకు చేరువైన పైలట్ల క్రమశిక్షణ, విమాన భద్రత, విజిలెన్స్ రికార్డులను పరిశీలించి అర్హులను 65 ఏళ్ల వరకు కొనసాగించే విధానాన్ని రూపొందించుకున్నది.

2025 డిసెంబరు మొదటి వారంలో ఈ లెక్కల తప్పు విమానాశ్రయాల్లో అందరి కంటా పడింది. పైలట్ల అలసటను తగ్గించేందుకు 2024 జనవరిలో ప్రకటించిన నిబంధనలు ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యం తరువాత రెండు దశల్లో, 2025 జులై 1న, నవంబరు 1న అమల్లోకి వచ్చాయి. వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకు పెరిగింది. రాత్రివేళ ల్యాండింగ్‌లు ఆరు నుంచి రెండుకు తగ్గాయి. దాదాపు రెండేళ్ల వ్యవధి ఉన్నా ఇండిగో తగినంతమందిని సమకూర్చుకోలేకపోయింది. డిసెంబరు 5న ఒక్కరోజే దేశంలో వెయ్యికి పైగా ఇండిగో సర్వీసులు రద్దయ్యాయి. ఢిల్లీ నుంచి బయలుదేరవలసిన ఆ సంస్థ దేశీయ సర్వీసులన్నీ అర్ధరాత్రి వరకు నిలిచిపోయాయి. శ్రీకాకుళం నుంచి ఎన్నికైన పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడుకు ఇది గట్టి పరీక్షే అయింది. వారపు విశ్రాంతికి బదులుగా సెలవును లెక్కించరాదన్న నిబంధనను డి.జి.సి.ఎ. ఆనాడే వెనక్కు తీసుకున్నది. ఇండిగోకు రాత్రి విధుల నిబంధనల నుంచి 2026 ఫిబ్రవరి 10 వరకు మినహాయింపు ఇచ్చింది. సంస్థ సర్వీసుల్లో 10 శాతం కోత కూడా పడింది. మనుషులు చాలనప్పుడు సర్దుబాటు మళ్లీ పైలట్ విశ్రాంతి గంటల్లోనే జరగడాన్ని పైలట్ల సంఘాలు గట్టిగా నిరసించాయి.

ఇదిలా ఉండగా, 2025 ఆగస్టులో ఎయిరిండియా పైలట్ల విరమణ వయసును 65కు, విమాన విధుల్లో లేని సిబ్బందికి 60కి పెంచుతున్నట్లు ప్రకటించింది. దీంతో ఆ సంస్థలో లైసెన్సు గడువు, ఉద్యోగం గడువు ఒక్కటయ్యాయి. 58 దాటిన కెప్టెన్ ఏడాదికేడాది ఒప్పందం కోసం ఎదురుచూడవలసిన అగత్యం తప్పింది. పరిమితిని 67కు పెంచాలని అంతర్జాతీయ విమాన రవాణా సంఘం చేసిన ప్రతిపాదన 2025 శరదృతువులో మాంట్రియల్‌లో జరిగిన అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ సమావేశాల్లో ఆమోదం పొందలేదు. అమెరికా కాంగ్రెసు కూడా 2024లో అలాంటి ప్రతిపాదనను పక్కనపెట్టి 65నే ఉంచింది. వేతనరహిత సెలవుపై వెళ్లిన పైలట్‌ను ఎప్పటిలోగా తిరిగి పిలవాలన్న గడువు విషయమై మాత్రం ఏ ప్రతిపాదనా ఈ చర్చల్లో ముందుకు రాలేదు.